చుక్కలు పెట్టిన గడి

నేను పుట్టింది నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ కింద. ఉద్యోగం చేసింది ఎక్కువగా ఆత్మకూరు చుట్టుపక్కల, రెవెన్యూలో. పగలంతా రిజిస్టర్లు రాయడం, సాయంత్రమైతే ముసలివాళ్ల అరుగుల మీద కూర్చోవడం. రిజిస్టరు ఒకటి చెప్పేది, అరుగు ఇంకొకటి చెప్పేది. ఇప్పుడు మా మనవలు 'చరిత్రలో దాచేసిన నిజం' అంటూ ఫోన్లో ఏవేవో పంపి, "తాతా, ఇది నిజమేనా?" అని అడుగుతుంటారు. అవుననీ కాదనీ ఒక్క ముక్కలో చెప్పలేక ఇది రాస్తున్నాను. మెట్ట ప్రాంతం వాడి మాట, కాస్త పొడిగా ఉంటుంది. ఓర్చుకోండి.

1. శాసనం అబద్ధమాడకపోవచ్చు, కానీ అంతా చెప్పదు.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని గెలిచాడని బడిలో చదువుకున్నాం. రాసినవాడికల్లా మార్కులు పడేవి. అందులో తప్పేమీ లేదు. ఆ గెలుపు తర్వాత, ఆ ఏడాది జూలైలో రాయలు తిరుమలదేవి, చిన్నాదేవులతో తిరుమలకు వెళ్లి 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేశాడు. ఒరిస్సా గజపతి ప్రతాపరుద్రుడి పినతండ్రి వరస అయిన తిరుమల రౌతరాయణ్ణి ఉదయగిరిలో బందీగా పట్టుకున్నట్టు శాసనాలున్నాయి. పెద్దన మనుచరిత్రలో ఈ విజయాన్ని పొగిడాడు. రాయి, పద్యం, పాఠ్యపుస్తకం మూడూ ఒకే మాట మీద ఉన్నాయి.

ఇంకో ఇరవై ఏళ్లకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ తను విన్నది రాసుకున్నాడు. దాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. అందులో లెక్కలున్నాయి: రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు, కోటలో పదివేల మంది, 400 గుర్రాలు. ముట్టడి ఏడాదిన్నర సాగిందట. కోటకు దారి లేక పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి బాట వేయించారట. బందీగా చిక్కింది మాత్రం గజపతికి పినతల్లో మేనత్తో అయ్యే ఒక స్త్రీ అని రాశాడు. రౌతరాయల పేరు అక్కడ లేదు. ఇద్దరూ చిక్కారేమో. ఆడమనిషిని బందీ చేశామని రాయి మీద చెక్కించుకోవడం గొప్పగా అనిపించలేదేమో. బజార్లో విన్న వదంతినే నూనిజ్ నిజమనుకున్నాడేమో. తేల్చే సాక్ష్యం నా దగ్గర లేదు, తేల్చినట్టు నటించను.

నన్ను ఎక్కువగా కుదిపింది వేరే సంగతి. ఊరికి కోట చూడ్డానికి వచ్చిన చుట్టాలకు నేను ఏళ్ల తరబడి "ఇక్కడే మనం గజపతుల్ని ఓడించాం" అని చెప్పేవాణ్ణి. ఒకసారి కొండ మీద గోడ పక్కన నిలబడి కిందికి చూస్తుంటే తట్టింది. మూడు వేల అడుగులు దాటిన కొండ, మీద ఎనిమిది కోటలు, కింద అయిదు. ఆ పదమూడు కోటల్లోనూ, వాటి కింద ఊళ్లోనూ ఆ ఏడాదిన్నరా ఉన్నదెవరు? మా ఊరివాళ్లే. తిండి తగ్గి, నీళ్లకు కాపలా పెట్టుకుని, కింద బండలు పగులుతున్న చప్పుడు వింటూ గోడకు ఈవల ఉన్నది మా వాళ్లు. 'మనం గెలిచాం' అంటూ నేను గోడకు ఆవల నిలబడి మాట్లాడుతున్నాను. ఆ బాట తవ్వినవాళ్ల పేరు ఏ శాసనంలోనూ నాకు కనబడలేదు. ఇక్కడి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుణ్ణి 1515లో హంపీలో గుడి కట్టి ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. హంపీలో అది ప్రతిష్ఠ, ఉదయగిరిలో అది ఖాళీ అయిన గర్భగుడి. హంపీ శాసనం మొదటి మాటే చెబుతుంది. రెండోది చెప్పడానికి ఉదయగిరి వాళ్ల చేతిలో అప్పుడు ఉలి లేదు.

2. పాత మాట అంటే మొదటి మాట కాదు.

ఈ కోట కట్టించింది ఎవరంటే మా వైపు ఎవరైనా లాంగూల గజపతి అంటారు. గెజిటీర్లోనూ ఉంది కదా అని నేనూ నమ్మాను. తీరా గెజిటీర్ తెరిస్తే, 'స్థానికులు ఇలా చెప్పుకుంటారు' అనే అక్కడ ఉంది. ఊరు దొరకు చెప్పింది, దొర పుస్తకం తిరిగి ఊరికి చెప్పింది. మధ్యలో ముద్ర పడింది, అంతే.

రాగిరేకు చూస్తే దారి వేరు. 1356 నాటి బిట్రగుంట దానశాసనం విజయనగరపు సంగమ వంశానిది. హరిహర బుక్కల తోబుట్టువు కంపన ఈ వైపు ఏలాడు, ఆయన తర్వాత కొడుకు రెండో సంగముడు. వేదభాష్యం రాసిన సాయణాచార్యుడు ఈ తండ్రీకొడుకులిద్దరి దగ్గరా మంత్రి. ఆ దానశాసనం కూర్చింది ఆయన తమ్ముడు భోగనాథుడు. ఒరిస్సా గజపతులు ఉదయగిరి మీదికి వచ్చింది ఆ తర్వాతి శతాబ్దంలో. సాయణుడు మంత్రిగా ఉన్న రాజ్యం మనదని మా ఊళ్లో ఒక్కరు చెప్పగా వినలేదు. లాంగూల గజపతి మాత్రం అందరికీ తెలుసు. తోక ఉన్న రాజు కథ పిల్లలకు గుర్తుంటుంది, భాష్యకారుడు గుర్తుండడు మరి.

ఇలాంటి మాటలు పోగుచేయించినవాళ్లలో కల్నల్ మెకంజీ పెద్దవాడు. 1821లో చనిపోయేదాకా ఊరూరా మనుషుల్ని పంపి ఊళ్ల చరిత్రలు, కైఫీయతులంటారు, రాయించాడు. చెప్పినవాళ్లు ఎక్కువగా కరణాలు, పూజారులు. వాళ్ల దగ్గర దండకవిలెలనే పాత ఊరి లెక్కల పుస్తకాలు ఉండేవి, వాటి పక్కనే మిరాశీలూ మాన్యాలూ ఉండేవి. దొర మనిషి వచ్చి పూర్వం ఏం జరిగిందని అడిగితే, మాన్యం పోయేలా జవాబు చెప్పే కరణం ఉంటాడా? కైఫీయతులు చదవొద్దని కాదు. ఎవరు చెప్పారో, అప్పటికి వాళ్ల చేతిలో ఏముందో తెలుసుకుని చదవండి.

3. ద్రోహి అని తీర్పు రాసిన కాగితంలో ద్రోహి మాట దొరకదు.

ఆర్కాటు నవాబు ఉదయగిరిని ముస్తఫా అలీఖాన్‌కు జాగీరుగా ఇచ్చాడు. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్. 1839లో నెల్లూరులో అధికారిగా ఉన్న స్టోన్‌హౌస్ దొరకు ఏదో కుట్ర వాసన తగిలింది. వహాబీ మత ప్రచారకుల్ని పట్టుకున్నారు. తీగ లాగితే హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా దాకా, కందనూలులో, అంటే కర్నూలులో, నవాబు గులాం రసూల్‌ఖాన్ దాకా పోయింది. ముబారిజుద్దౌలాను గోలకొండలో పెట్టారు, 1854లో అక్కడే పోయాడు. కందనూలు కోటలో దాచిన ఫిరంగులు బయటపడ్డాయన్నారు, నవాబీ పోయింది. ఆ నవాబును తిరుచిరాపల్లికి పంపితే మరుసటి ఏడాది కత్తిపోటుకు చచ్చిపోయాడు. కందనూలు నవాబుతో చేయి కలిపాడని అబ్బాస్ అలీఖాన్‌ను చెంగల్పట్టుకు తరలించారు, ఉదయగిరి జాగీరు ఈస్టిండియా కంపెనీ ఖాతాలో పడింది. జిల్లా మాన్యువల్‌లో ఇదంతా కొద్ది వాక్యాల్లో ముగుస్తుంది. రాజద్రోహం, స్వాధీనం, బహిష్కారం.

నేను ఉద్యోగంలో ఉండగా ఆ వాక్యాలు చదివి తలూపి పుస్తకం మూసేసినవాణ్ణే. ఒక జాగీరును సర్కారులో కలుపుకోవడానికి ద్రోహం అనే నింద ఎంత సుళువైన దారో రెవెన్యూ గుమాస్తాకు తెలియదా? తెలుసు. అయినా అడగలేదు. అచ్చు అక్షరం ముందు నోరు పెగలకపోవడం మా తరానికి ఉన్న జబ్బు.

స్వాతంత్ర్యం వచ్చాక గాలి మారింది. అవే కాగితాలు చదివి 1839 వహాబీ కదలికను 1857కు ముందరి స్వాతంత్ర్య పోరాటమని రాశారు. ద్రోహి వీరుడయ్యాడు. పాత రాత మీద నాకు ఎంత అనుమానమో కొత్త రాత మీదా అంతే. రెంటికీ ఆధారం విచారణ చేసిన దొరల ఉత్తరాలే. అబ్బాస్ అలీఖాన్ నిజంగా కంపెనీని తరమాలనుకున్నాడా, మతం కోసం కదిలాడా, జాగీరు నిలబెట్టుకుందామనుకున్నాడా, అసలేమీ చేయకుండానే పొరుగు నవాబు స్నేహానికి బలయ్యాడా? ఆయన చెప్పుకున్న మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఏడెనిమిదేళ్ల తర్వాత మనకు పడమట తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి పాటలున్నాయి, 2019లో సినిమా వచ్చింది. ఉదయగిరి జాగీర్దారు పేరు చెబితే మా బస్టాండులో ఎవరూ తల తిప్పి చూడరు. పాట కట్టేవాళ్లు దొరికినవాడు నిలిచాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ వీరుడన్న కొలత దానితో తేలదు.

4. ఖాళీగా వదిలిన గడి కూడా రాతే.

ఇది నాకు చేదు పాఠం. బ్రిటిష్ వాళ్ల రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, ఆర్.ఎస్.ఆర్. అంటాం, ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు పేరు గడి ఉంటుంది. సర్కారుదో ప్రైవేటుదో తేల్చలేని చోట ఆ గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. తరాలుగా దున్నుకుంటున్నవాళ్లకు ఆ చుక్కల సంగతే తెలియదు, శిస్తు కట్టుకుంటూ పోయారు. తర్వాత ఆ నంబర్లన్నీ నిషేధిత జాబితాకెక్కి రిజిస్ట్రేషన్లు ఆగినప్పుడు గాని బిడ్డ పెళ్లికని అమ్ముకోబోయిన రైతుకు గుండె గుభేలుమనలేదు.

అంతకు చాలా ముందే ఒక మెట్ట పల్లె నుంచి ఓ అవ్వ కొంగులో శిస్తు రసీదులు మూటగట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. పొలం తన పేర రాయమంది. నేను రిజిస్టరు తీసి చుక్కలు చూపించి, "ఇందులో మీ పేరు లేదవ్వా" అన్నాను. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. చదువు రాదు. "ఈ చుక్కలు పెట్టినాయన మా చేను చూసినాడా నాయనా?" అని అడిగింది. నవ్వి పంపేశాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు సిగ్గు.

నేను చేయగలిగింది పెద్దదేం కాదు. ఫలానా మనిషి ఫలానా రసీదులు చూపించింది, అనుభవంలో ఉన్నట్టుంది అని ఫైల్లో ఒక్క నోటు రాసి ఉంటే చాలు. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చినప్పుడు పన్నెండేళ్ల అనుభవం రుజువు చేయమన్నారు. 2023 మేలో మన జిల్లాలోనే, కావలి సభలో, రెండు లక్షల పైచిలుకు ఎకరాల చుక్కల భూములకు విముక్తి అని ప్రకటించారు. పేపర్లో ఆ వార్త చదువుతూ ఆ పల్లె పేరు గుర్తు చేసుకోబోయాను, గుర్తు రాలేదు. అప్పుడు నేను రాసుకోలేదు గదా.

5. దాచిన కథ అయినంత మాత్రాన నిజం కాదు.

ఇంతసేపూ రిజిస్టరును తిట్టాను గనక, రెండో వైపూ చెప్పాలి. మా ఇంట్లో ఓ కథ ఉండేది. చెరువు కింద మా తాత పొలాన్ని పొరుగింటి వాళ్లు కరణాన్ని పట్టుకుని తమ పేర మార్పించుకున్నారని. మా నాయన దాన్ని గొంతు తగ్గించి చెప్పేవాడు, అందుకే ఇంకా నమ్మబుద్ధేసేది. ఆ ఇంటివాళ్ల పెళ్లికి పోలేదు, చావుకు పోలేదు. ఆ ఇంటి పిల్లవాడు నాతోపాటే బడికి వచ్చేవాడు, వాడితో ఏనాడూ కలిసి నడవలేదు.

సర్వీసులో చేరాక పాత అడంగల్లు నా చేతికందాయి. కక్షతోనే వెతికాను. తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించాను. మా తాత కరువు ఏడాదిలో ఆ పొలం అమ్మాడు. దస్తావేజు మీద ఆయన సంతకమే. హద్దులు సరిగ్గా ఉన్నాయి, డబ్బు ముట్టినట్టు రాసి ఉంది. పొలం అమ్ముకున్నామని చెప్పుకోలేక మోసపోయామని చెప్పుకున్నారు. ఆ కాగితం నాయనకు చూపించలేదు, చూపించి ఉండాల్సింది. ఆయన పోయాక, నాతో బడికి వచ్చిన ఆ పిల్లవాడి ఇంటికి పోయాను. వాడు అప్పటికే ఊరొదిలి ఎటో పోయాడు.

అందుకే మీరు పంపే 'దాచేసిన నిజాలు' చదివినప్పుడు నేను ముందు చూసేది, దీన్ని ఎవరు దాచారని కాదు; దీన్ని చెప్పుకోవడం వల్ల ఎవరి సిగ్గు కప్పబడుతోంది, ఎవరి మీద కక్ష పెరుగుతోంది అని. సర్కారు రికార్డుకు స్వార్థం ఉంటుందని అందరికీ తెలుసు. గుసగుసకూ ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

6. నిధి కోసం తవ్వినవాడు మిగిల్చేది గొయ్యి.

కొండ మీద బంగారం ఉందనీ, సొరంగం ఎక్కడికో పోతుందనీ నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అమావాస్య రాత్రుల్లో పలుగూ పారా పట్టుకుని ఎక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విగ్రహం కింద తవ్వుతారు, శాసనమున్న బండను పెకలిస్తారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు సంపుటాల్లో అచ్చు వేశారు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలవీ అందులో ఉన్నాయి. ఓపికుంటే ఆ పుస్తకం పట్టుకుని మీ ఊరి రాయి ఇంకా ఉందో లేదో చూడండి. కొన్ని చోట్ల బట్టలుతికే బండ అయి ఉంటుంది, అదీ నయమే.

7. ఒక పేరు నిలిస్తే దాని వెనక పేర్లన్నీ చెరిగిపోతాయి.

ఇది మీ అమ్మలు కళ్లారా చూసిన చరిత్ర, కాబట్టి ఎలా మారిందో మీరే అడిగి తెలుసుకోవచ్చు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నవాళ్లు వాళ్లు. వాచకంలో సీతమ్మ కథ చదివి, తాగుడు సంగతి మాట్లాడుకుని, లేచి దుకాణం మీదికి పోయారు. వాళ్లు చేసింది మళ్లీ 'ఆడవాళ్లు ఏకమైతే' అని పాఠమై జిల్లా అంతా తిరిగింది. 1992కల్లా నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. పాట పెట్టడం, వాయిదా వేయడం, మళ్లీ పెట్టడం, మళ్లీ వాయిదా. 1993 ఏప్రిల్‌లో ముందు మా జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి.

ఇప్పుడు టీ అంగడి దగ్గర అడగండి. మద్యం బంద్ చేయించింది ఎవరంటే పదిమందిలో తొమ్మిదిమంది ఎన్టీఆర్ అంటారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది ఆయనే, అబద్ధమేం కాదు. కానీ సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చిన 'వారుణి వాహిని' పథకం 1986లో వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రీ ఆయనే. ఈ రెండో వాక్యం ఆయన విగ్రహాల కింద ఎక్కడా కనబడదు. నాకు ఆయన మీద కోపమేం లేదు, ఆయన సినిమాలకు బండి కట్టుకుని పోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ మాట పక్కన పెట్టి ఆడవాళ్ల వైపు చూసినా అదే తంతు. దూబగుంట రోశమ్మ పేరు మిగిలింది, మిగలాలి కూడా. 2016లో ఆమె పోయినప్పుడు పేపర్లన్నీ రాశాయి. అయితే ఆ రాత్రి బడిలో పలకలు పట్టుకున్నవాళ్లందరూ ఏమయ్యారు? దుకాణం మూసివచ్చిన రాత్రి ఇంట్లో మొగుడి చేత తన్నులు తిన్నవాళ్లున్నారు. వాళ్ల మాట ఏ ప్రభుత్వ నివేదికలోనూ ఉండదు. వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, ఎండపొద్దున గొర్రెలు తోలుకుంటూనో, మనవళ్లను ఎత్తుకునో. నేను ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కలే పనిచేస్తున్నాను. పాటల వాయిదా నోటీసులు నా చేత్తోనే రాశాను, కారణమనే చోట 'శాంతిభద్రతల దృష్ట్యా' అని. బయట వాకిట్లో కూర్చున్నవాళ్లను లోపలి కాగితంలో శాంతిభద్రతల సమస్యగా మార్చింది ఇంకెవరో కాదు, నేనే. పై నుంచి వచ్చిన మాటనే రాశాను, నిజమే. ఆ వాకిట్లోకి దిగి, "ఏ ఊరమ్మా మీది, పేరేంది?" అని అడగొద్దని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

నిషేధం 1997లో సడలించారు. తెచ్చింది మేమంటే మేమని ఇప్పటికీ పోట్లాడుకుంటారు గాని, ఎత్తేసింది మేమే అని విగ్రహం పెట్టించుకున్నవాళ్లను నేనైతే చూడలేదు.